సెలవుల్లో పార్కుకెళ్తే రోజంతా క్యూలోనే పోయింది. ఈసారి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

కౌశికతీరం
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కిందటేడు మే నెలలో రెండో శనివారం కలిసొచ్చిందని హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద పార్కుకి వెళ్లాం. మేమిద్దరం, బాబు, పాప, మా అత్తయ్యగారు. బాబుకి ఇప్పుడు 11 ఏళ్లు, పాపకి 6. రాత్రంతా కారులో కూర్చుని, పొద్దున్న గదిలో స్నానాలు చేసి, పార్కు గేటు దగ్గరికి చేరేసరికి పదకొండున్నర అయింది. టికెట్ల దగ్గర 40 నిమిషాలు. లోపల మొదటి రైడ్‌కి గంటా పావు. అంతసేపూ నిలబడి తీరా మా వంతు వచ్చాక పాప ఎత్తు చాలదని పక్కకి పంపేశారు. అది ఏడుపు, దాని కోసం వాళ్ల నాన్న కూడా దిగిపోయారు. సాయంత్రానికి మొత్తం నాలుగే ఎక్కాం. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పితో ఒక చెట్టు గట్టు మీద కూర్చుని సంచులకి కాపలా కాశారు. ఆవిడ చూసింది అంతే.

తిరిగొచ్చేటప్పుడు బాబు "అమ్మా, మనం ఇంత దూరం వచ్చింది క్యూ చూడ్డానికా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఈసారి కొబ్బరి దింపు అయ్యాక జూన్‌లో గానీ, లేదంటే దసరాకి గానీ మళ్లీ వెళ్దామంటున్నారు మా వారు. పిల్లల మొహాలు చిన్నబోవడం ఇంకోసారి చూడలేను. జనాన్ని తప్పించుకోవడానికి మీరేం చేస్తారు? ఏ రోజు, ఏ వేళ, ఏ వరస?

రైలుబండి_నిడదవోలు
మే నెల, రెండో శనివారం, పదకొండున్నరకి చేరడం. మూడూ ఒకేసారి కలిశాయి మీకు. ఆ రోజు రెండు రాష్ట్రాల పిల్లలూ ఖాళీ, ఆఫీసులూ ఖాళీ. మంగళవారమో బుధవారమో వెళ్లుంటే సగం బాధ అక్కడే తీరిపోయేది.

పులసకాలం
వాడపల్లి వెంకన్న దగ్గరికి శనివారం ఒకసారి, బుధవారం ఒకసారి వెళ్లి చూడండి. అదే గుడి, అదే దేవుడు. శనివారం ఇసుక వేస్తే రాలదు, బుధవారం తీరిగ్గా దణ్ణం పెట్టుకోవచ్చు. పార్కులూ అంతే.

కౌశికతీరం
@పులసకాలం ఏడు శనివారాలూ నేనూ చేశాను. అక్కడ మొక్కు శనివారానిదే కాబట్టి తప్పదు. పార్కుకి ఆ నియమం లేదు, నిజమే. కానీ వారం మధ్యలో అంటే బడి ఎగ్గొట్టాలి కదా?

టీచరమ్మ_పాలకొల్లు
బడి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. జూన్ 12న బడులు తెరుస్తారు. మొదటి రెండు వారాలూ పుస్తకాలు పంచడం, కొత్త పిల్లల్ని చేర్చుకోవడం అనుకుని చాలామంది తల్లిదండ్రులు తేలిగ్గా తీసుకుంటారు. కొత్త తరగతికి అలవాటు పడేది ఆ రోజుల్లోనే. తిరగడానికి సెలవులు ఉన్నాయి కదా, వాటిలోనే వెళ్లండి అని నా మాట.

పూతరేకు
టీచరుగారూ, సెలవుల్లో వెళ్తే ఏమవుతుందో పైన రాశారుగా ఆవిడ. ఏడాది మొత్తంలో రెండు రోజులు బడి మానితే పిల్లాడు వెనకబడిపోడండి. నేను మా ఇద్దరినీ జూన్ చివరి వారంలో తీసుకెళ్లాను. ముందుగా క్లాస్ టీచర్‌కి చెప్పాం, తిరిగొచ్చాక నోట్సు రాసుకున్నారు. పెద్ద రైడ్‌లకి కూడా పావుగంట మించి నిలబడలేదు.

టీచరమ్మ_పాలకొల్లు
ముందుగా చెప్పి తీసుకెళ్లడం వేరు, జ్వరమని చీటీ రాయడం వేరు. మీరు చెప్పి వెళ్లారు, అది నాకు నచ్చింది.

భోగిమంట
ఒక ఉపాయం. సంక్రాంతికి హైదరాబాద్ అంతా మన వైపు వచ్చేస్తుంది. ఆ వారం విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బార్లు కట్టేది ఇటు వచ్చే బండ్లే. మనం భోగికి ముందు ఎదురు వెళ్తే రోడ్డు మనదే, ఊరు ఖాళీ. మన పిల్లలకి అప్పటికే సెలవులు కూడా.

కౌశికతీరం
పండక్కి ఊరు వదిలి రావడమా! కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలు చూడకుండా మా ఇంట్లో ఎవరికీ ఏడాది గడవదు.

గోదారిగట్టు
మంచిమాట అన్నారమ్మా. చేలల్లోంచి, కాలువ దాటించి ఆ ప్రభల్ని మోసుకొస్తుంటే చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు, మనం వదిలి పోతామా?

రైలుబండి_నిడదవోలు
పండగ మాట అటుంచండి, భోగిమంటగారి లెక్కలో ఒక చిక్కు ఉంది. వెళ్లేటప్పుడు దారి ఖాళీనే. భోగికి ఇంటికి రావాలంటే మాత్రం సరిగ్గా హైదరాబాద్ మొత్తం కదిలే రోజునే మీరూ కదలాలి. రైలు టికెట్టు దొరకదు, రోడ్డు కదలదు. పండగ అయ్యాక వెళ్దామంటే తిరుగు జనం అంతా అటే వెళ్తారు. నేను ఒకసారి అలా ఇరుక్కుని, ఎనిమిది గంటల ప్రయాణానికి పదమూడు గంటలు కూర్చున్నాను.

భోగిమంట
తిరుగు ప్రయాణం నేను ఆలోచించలేదండి. ఒప్పుకున్నాను.

చెరువుగట్టు_భీమవరం
రోజు సంగతి చెప్పారు, లోపలికి వెళ్లాక సంగతి నేను చెబుతా. క్యూ పొడవు చూసి భయపడకండి, అది కదిలే వేగం చూడండి.

మాకు రొయ్యల చెరువు దగ్గర అన్నీ లెక్కలే. కేజీకి ఎంత కౌంటు, ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలి, ఎన్ని ఏరేటర్లు తిప్పాలి. ఆ అలవాటుతో ఏ రైడ్ దగ్గరైనా రెండు నిమిషాలు నిలబడి చూస్తాను. బండిలో ఎంతమంది పడుతున్నారు, ఎంతసేపటికోసారి వెళ్తోంది అని. 20 మంది పట్టే బండి 2 నిమిషాలకోసారి వెళ్తే గంటకి 600 మంది. మీ ముందు 300 మంది ఉన్నా అరగంటే. అదే 10 మంది పట్టేది 4 నిమిషాలకోసారి వెళ్తే గంటకి 150 మంది. మీ ముందు 100 మందే ఉన్నా 40 నిమిషాలు నిలబడాలి. చిన్న క్యూ అని సంబరపడి రెండో దాంట్లో దూరతాం, అక్కడే రోజు పోతుంది.

అందుకని కొద్దిమందినే ఎక్కించుకునే రైడ్‌లు గేటు తీయగానే అయిపోవాలి. పెద్ద పడవలు, పెద్ద బండ్లు మధ్యాహ్నానికి ఉంచుకున్నా నష్టం లేదు.

పూతరేకు
రాజుగారి ఊరివాళ్లు కోడిపందేనికి తప్ప దేనికీ లెక్క వెయ్యరనుకున్నా 😀 ఇది మాత్రం దాచుకోవాల్సిన పోస్టు.

చెరువుగట్టు_భీమవరం
😀 ఇంకో మాట మరిచిపోయా. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకి వేరే వరస ఉంటుంది చూడండి, ఫాస్ట్‌ట్రాక్ అనో ఎక్స్‌ప్రెస్ అనో. వాళ్లూ అదే బండి ఎక్కాలి. సీట్లలో మూడో వంతు వాళ్లకి పోతే మామూలు వరసకి గంటకి 600 కాదు, 400. ఆ అరగంట ముప్పావుగంట అవుతుంది. పండగ రోజుల్లో మామూలు క్యూ అసలు కదలనట్టు అనిపించేది అందుకే.

డెల్టాబాబు
అయితే ఆ ఎక్కువ టికెట్టే కొనేస్తే పోలా? ఇంత దూరం వెళ్లి డబ్బు దగ్గర చూసుకుంటే ఎలా?

పూతరేకు
ఐదుగురికి లెక్కేసి చూడండి డెల్టాబాబుగారూ. అందులో ఒకరు మోకాళ్ల నొప్పితో ఏదీ ఎక్కని పెద్దావిడ, ఒకరు పెద్ద రైడ్‌లకి ఎత్తు చాలని పాప. వాళ్లిద్దరికీ దండగే.

రైలుబండి_నిడదవోలు
నేను ఇలా అనుకుంటాను. వారం మధ్యలో వెళ్తే ఆ టికెట్టు అక్కర్లేదు. సెలవు రోజు తప్ప కుదరదు అంటే, పెద్ద రైడ్‌లు ఎక్కేవాళ్లకి మాత్రం కొనండి. తిరుమలలో 300 రూపాయల దర్శనం లాగే. రద్దీ లేని రోజున ధర్మదర్శనం కూడా త్వరగానే అయిపోతుంది కదా.

ఫ్లోరిడాలో_తణుకు
మా ఊరివాళ్లు పార్కుల గురించి మాట్లాడుకుంటుంటే ఆగలేకపోయాను. ఓర్లాండోకి రెండు గంటల దూరంలో ఉంటాం. చుట్టాలు ఎవరొచ్చినా డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లాల్సిందే. 1971లో తెరిచిన పార్కు అది, ఈ జనం సమస్యతో వాళ్లు ఎప్పటినుంచో కుస్తీ పడుతున్నారు. 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టారు. అదనంగా డబ్బు లేదు, చీటీ తీసుకుని అందులో రాసిన వేళకి వస్తే చాలు. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది, 2024లో దాని పేరూ పద్ధతీ మళ్లీ మార్చారు. మా నాన్నగారికి ఇదంతా వివరిస్తే "తిరుమలలో టైమ్ స్లాట్ టోకెను ఇస్తారు చూడు, అదే కదా" అన్నారు. అవును, అదే.

నాన్నగారు వచ్చినప్పుడు మేము నేర్చుకున్నవి చెబుతాను. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఆ వారం అసలు వెళ్లకూడదు. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే దాటాక ఇక్కడ పిల్లలంతా బడుల్లో ఉంటారు, అప్పుడు పల్చగా ఉంటుంది. కాకపోతే అది తుఫాన్ల కాలం, ఆ భయం ఉంటుంది. మన కోనసీమ వాళ్లకి అది కొత్తగా చెప్పక్కర్లేదు. గేటు తెరవడానికి గంట ముందే చేరతాం. మొదటి రెండు గంటల్లో ఎక్కినన్ని తర్వాత నాలుగు గంటల్లో ఎక్కలేం. మధ్యాహ్నం ఎండలో గదికి వెళ్లి పడుకుని, సాయంత్రం మళ్లీ వస్తాం. రాత్రి బాణసంచా కాల్చేటప్పుడు జనమంతా కోట దగ్గరికి పోతారు, ఒకసారి చూసినవాళ్లు ఆ వేళ రైడ్‌లకి వెళ్తే క్యూలు తగ్గి ఉంటాయి.

కౌశికతీరంగారూ, మీ పాప విషయంలో ఇది పనికొస్తుంది. ఇక్కడ రైడర్ స్విచ్ అని ఉంది. ఎత్తు చాలని బిడ్డతో ఒకరు బయట ఉంటే, మొదటివాళ్లు దిగాక రెండోవాళ్లు మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండానే ఎక్కొచ్చు. సింగపూర్ యూనివర్సల్‌లోనూ ఇలాంటిది ఉంది. మీరు వెళ్లే చోట ఉందో లేదో గేటు దగ్గరే అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

కౌశికతీరం
@ఫ్లోరిడాలో_తణుకు మధ్యాహ్నం గదికి వెళ్లడం మాకు కుదరదేమోనండి, ఇక్కడ ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వకపోవచ్చు. కానీ నీడలో రెండు గంటలు కూర్చోబెట్టడం అయితే చేయొచ్చు. కిందటేడు కూర్చోవడమంటేనే డబ్బు దండగ అనిపించి, పిల్లల్ని ఎండలో ఈడ్చాను. అది నా తప్పే.

నారుమడి
తప్పని ఎందుకండీ. అంత ఖర్చు పెట్టాక అందరం అలాగే పరుగెడతాం.

పులసకాలం
పార్కులూ క్యూలూ ఎందుకు, పాపికొండలు తీసుకెళ్లండి. బోటులో కూర్చుంటే కొండలే మన దగ్గరికి వస్తాయి.

గోదారిగట్టు
కార్తీకమాసం ఆదివారం వెళ్లి చూడండి పాపికొండలకి, అప్పుడు మాట్లాడదాం. ఇంకో మాట, 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది, అది నేను మర్చిపోలేను. వరద తగ్గిందని తెలిశాకే, లైఫ్ జాకెట్టు వేసుకునే బోటే. జనం ఎక్కువున్న బోటు అయితే టికెట్టు చేతిలో ఉన్నా ఎక్కను.

కోటిలింగాల_రేవు
గోదారిగట్టుగారు ఆ మాట ఎత్తారు కాబట్టి నేనూ చెప్పాలి. ఇప్పటిదాకా అందరం క్యూలో టైము పోవడం గురించే మాట్లాడుకుంటున్నాం. జనం అంటే నాకు వేరే గుర్తొస్తుంది.

2015 జులై 14, పుష్కరాల మొదటిరోజు. మేం రాజమండ్రిలోనే ఉంటాం. తెల్లవారుజామున అమ్మని తీసుకుని స్నానానికి బయల్దేరాను. పుష్కర ఘాట్‌కి వెళ్దామంది అమ్మ. దారిలోనే కాలు పెట్టే సందు లేదు. నాకు ఎందుకో మనసొప్పక వెనక్కి తిప్పి, మా రేవులో ముంచి ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ అలిగింది కూడా. కాసేపటికి టీవీలో తొక్కిసలాట అని వచ్చింది. 27 మంది పోయారు. నదిలో పడి కాదు, మనుషుల మధ్య ఊపిరాడక. ఆ రోజు నుంచి జనం దగ్గర నాకు కొన్ని నియమాలు ఉన్నాయి, వాటిని ఎవరి కోసమూ సడలించను.

మొదటిరోజు, మొదటి ముహూర్తం అనేదానికి వెళ్లను. ఎక్కడికెళ్లినా ముందు బయటికి వెళ్లే దారి ఎటుందో చూస్తాను, వచ్చిన దారి కాకుండా ఇంకోటి. చదరపు మీటరులో ఐదుగురు దాటితే ప్రమాదం మొదలవుతుందంటారు. అంత లెక్క కట్టలేకపోయినా, నా రెండు భుజాలకీ పక్కవాళ్లు తగులుతుంటే, నా అడుగు నేను వేయలేకపోతుంటే, ఇక ఆ చోట ఉండకూడదని అర్థం. అప్పుడు జనానికి ఎదురు తిరగకూడదు, వాళ్లతోపాటు కదులుతూ ఏటవాలుగా పక్కకి జరగాలి. చేతులు గుండెల ముందు అడ్డం పెట్టుకోవాలి, ఊపిరికి చోటు ఉండేలా. చెప్పు జారినా ఫోను పడినా వంగకూడదు. చిన్నపిల్లలుంటే చంకనెత్తుకోవాలి.

పార్కులో రైడ్‌ల దగ్గర కమ్మీలు కట్టి వరసలో పంపిస్తారు, అక్కడ అంత భయం ఉండదు. సాయంత్రం షో అయిపోయి అందరూ ఒక్కసారే గేటు వైపు లేస్తారు చూడండి, అప్పుడు మాత్రం ఒక పది నిమిషాలు కూర్చునే ఉండండి. ఆ పది నిమిషాల్లో పోయేది ఏమీ లేదు.

నారుమడి
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అమ్మగారు ఎలా ఉన్నారండీ?

కోటిలింగాల_రేవు
బావుంది. ఆ రోజు ఎందుకు వెనక్కి తిప్పావని ఇంకెప్పుడూ అడగలేదు.

టీచరమ్మ_పాలకొల్లు
కోటిలింగాల_రేవుగారు చెప్పాక నాది కూడా కలుపుతాను. 60 మంది పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లిన అనుభవం ఉంది.

పిల్లలందరికీ ఒకే రంగు టోపీలు పెట్టాం, దూరం నుంచి కనిపించే నిమ్మపండు రంగు. ఇద్దరిద్దరిని జతచేశాం, ఎవరి జతని వాళ్లు వదలకూడదు. గంటకోసారి లెక్క. పొద్దున్నే అందరినీ ఫోటో తీశాం. ఎందుకంటే బిడ్డ కనిపించనప్పుడు కంగారులో ఏ బట్టలు వేశామో తల్లికి కూడా గుర్తుకురాదు. ముంజేతి మీద పెన్నుతో ఫోన్ నంబరు రాసి, నీళ్లలో తడిసినా పోకుండా పైన పారదర్శక టేపు అంటించాం.

అన్నిటికంటే ముఖ్యం, "తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకు, ఉన్నచోటే ఉండు, నేనే వస్తాను" అని ఇంటి దగ్గరే పదిసార్లు చెప్పించాలి. బిడ్డ ఒకవైపు, మనం ఒకవైపు తిరుగుతుంటేనే గంటలు గడిచిపోతాయి. పక్కన యూనిఫాం వేసుకున్న వాళ్లు ఎవరుంటే వాళ్లకి చెప్పమనాలి.

పూతరేకు
ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పని ఇంకోటి. పిల్లల ఎత్తు కొలవండి, చెప్పులు లేకుండా. పార్కు వెబ్‌సైట్‌లో ఏ రైడ్‌కి ఎంత ఎత్తో ఉంటుంది, పెద్ద వాటికి చాలాచోట్ల 140 సెంటీమీటర్లు అడుగుతారు. ఎవరికి ఏవి కుదురుతాయో కాగితం మీద రాసేసుకుంటే మీకు జరిగింది మళ్లీ జరగదు.

నీళ్ల ఆటలకి నైలాన్ బట్టలు ఉండాలంటారు, నూలువి రానివ్వరు. అమలాపురంలోనే కొనేసుకోండి. అక్కడ కొనడానికి ఒక క్యూ, లాకర్‌కి ఒక క్యూ, మార్చుకోవడానికి ఒక క్యూ. టికెట్లు కూడా ఫోన్లోనే ముందుగా తీసుకోండి. ఇలా ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే గంటన్నర మిగులుతుంది.

నారుమడి
తిండి? మేం పులిహోర కట్టుకెళ్తే గేటు దగ్గర ఆపేశారు.

పూతరేకు
లోపలికి బయటి తిండి రానివ్వరు చాలాచోట్ల. పులిహోర తెల్లవారి కారులోనే తినేసి లోపలికి వెళ్లండి. పొద్దున్న కడుపు నిండితే మధ్యాహ్నం రెండున్నర దాకా ఆగొచ్చు. ఒంటిగంటకి తిండి దగ్గర ఎంతమంది ఉంటారో, అప్పుడు రైడ్‌ల దగ్గర అంత తగ్గుతారు.

డెల్టాబాబు
భువనేశ్వర్‌లో 2024లో కొత్త వండర్‌లా పార్కు వచ్చింది కదా, రాజమండ్రిలో రైలెక్కితే చాలు. అక్కడైతే మన సెలవులు వాళ్లకి ఉండవు.

రైలుబండి_నిడదవోలు
ఆలోచన బావుంది. కానీ జూన్ మధ్యలో వాళ్లకి రజ పండగ, ఆ వెనకే పూరీ రథయాత్ర. ఆ రోజులు తప్పించి చూసుకోవాలి. దసరా వాళ్లకీ పెద్దదే. వేరే రాష్ట్రం వెళ్లేటప్పుడు మన క్యాలెండర్ కాదు, వాళ్ల క్యాలెండర్ చూడాలి.

రైలు అయితే 60 రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు, ఇదివరకటిలా 120 కాదు. ఆ రోజు పొద్దున్నే కూర్చోండి.

కౌశికతీరం
అందరి మాటలూ మా వారికి చదివి వినిపించాను. ఇదీ మా ప్లాన్, తప్పులుంటే చెప్పండి.

జూన్ చివరి వారం. పాప టీచరుగారికీ, బాబు టీచరుగారికీ ముందే చెప్పేస్తాం. సోమవారం పగటిపూట కారులో వెళ్లడం. రాత్రి ప్రయాణం చేసి నేరుగా పార్కుకి పోవడం ఇక వద్దు. మంగళవారం నీళ్ల పార్కు. బుధవారం అత్తయ్యగారి కోసం రామోజీ ఫిల్మ్ సిటీ. గురువారం ఇల్లు.

అత్తయ్యగారిని ఇంటి దగ్గర ఉంచమని మా ఆడపడుచు అంటోంది. నాకు మనసొప్పడం లేదు.

గోదారిగట్టు
ఉంచొద్దమ్మా. మా అమ్మని అలాగే వదిలి వెళ్లేవాళ్లం, "మీరు వెళ్లిరండి" అని తనే అనేది. తనకీ చూడాలని ఉందని ఆలస్యంగా తెలిసింది. పెద్దవాళ్లు పైకి అనరు.

రైలుబండి_నిడదవోలు
ప్లాన్ బావుంది. రెండు సవరణలు. విజయవాడ హైవే మీద వెళ్తే ఫిల్మ్ సిటీ ఊరికి ఇవతలే వస్తుంది. రావిర్యాల వైపు పార్కు అయితే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి దిగిపోవచ్చు. రెండిటికీ ఊళ్లోకి వెళ్లే పనే లేదు కాబట్టి గది కూడా ఆ వైపే తీసుకోండి. లేకపోతే పొద్దున్నే ట్రాఫిక్‌లో మీ మొదటి గంట పోతుంది.

చెరువుగట్టు_భీమవరం
ఫిల్మ్ సిటీ 1996 నాటిది, ప్రపంచంలో అతి పెద్ద స్టూడియో అని గిన్నిస్‌లో ఉంది. అంత చోటులో జనం పల్చబడతారు. ఇరుకంతా బస్సు ఎక్కే దగ్గర, షోల దగ్గర. వెళ్లగానే షోల వేళలు రాసుకుని, వాటి మధ్య మిగతావి సర్దుకోండి. పెద్దావిడకి బస్సులో కూర్చుని చూసేవి చాలా ఉంటాయి.

టీచరమ్మ_పాలకొల్లు
సెలవు చీటీలో నిజం రాయండి. వచ్చాక పిల్లల చేత చూసింది ఒక పేజీ రాయించండి. నాకైతే అది చాలు.

నారుమడి
జూన్ చివర అంటే వాన. మెరుపులుంటే రైడ్‌లు ఆపేస్తారు, గుర్తుపెట్టుకోండి.

పూతరేకు
ఆగితే ఆగుతాయి. వానకి భయపడి రానివాళ్లే మనకి క్యూ తగ్గిస్తారు.

కౌశికతీరం
నిన్న రాత్రి ఇంటికొచ్చాం. అడిగినవాళ్లంతా ఎదురుచూస్తుంటారని బట్టలు కూడా ఉతకకుండా రాస్తున్నా.

మంగళవారం గేటు తీయడానికి అరగంట ముందే ఉన్నాం. పులిహోర కారులో తిన్నాం. టికెట్లు ఫోన్లో, బట్టలు ఇంటి నుంచే, అందుకని నేరుగా లోపలికి. చెరువుగట్టుగారి లెక్క బాబుకి భలే నచ్చింది. వాడే ప్రతి రైడ్ దగ్గర నిలబడి బండికి ఎంతమందో లెక్కపెట్టి "నాన్నా ఇది పన్నెండు నిమిషాలు" అని చెప్పేవాడు. చాలాసార్లు సరిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి తొమ్మిది రైడ్‌లు అయిపోయాయి. కిందటేడు రోజంతా నాలుగు!

ఎత్తు ఇంట్లోనే కొలిచాం. పాప 112. బాబు 138. అన్నిటికంటే పెద్దదానికి రెండు సెంటీమీటర్లు తక్కువ. ఆ ఏడుపేదో ఇంట్లోనే అయిపోయింది కాబట్టి అక్కడ ఆ రైడ్ వైపు చూసి "వచ్చే ఏడాది" అని చెయ్యి ఊపి ముందుకి వెళ్లాడు.

రెండున్నరకి వాన వచ్చింది. 40 నిమిషాలు అన్నీ ఆపేశారు. ఆ టైములోనే అన్నం తిని, పిల్లల్ని కాసేపు పడుకోబెట్టాం. లేచేసరికి సగం మంది వెళ్లిపోయారు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. సాయంత్రం అలల కొలను నుంచి బయటికి వస్తుంటే పాప చెయ్యి జారింది. చుట్టూ తడి తలలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. నా గుండె ఆగిపోయింది. ఐదు నిమిషాలు ఉంటుందేమో, నాకు మాత్రం ఐదు గంటలు. వెనక్కి వెళ్లి చూస్తే ఎక్కడ జారిందో అక్కడే, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు, కానీ కదల్లేదు. "నువ్వొస్తావని చెప్పావు కదా" అంది. టీచరుగారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

టీచరమ్మ_పాలకొల్లు
నాకు చెప్పక్కర్లేదమ్మా. పాపని దగ్గరికి తీసుకుని నా తరఫున ఒక ముద్దు పెట్టండి.

ఫ్లోరిడాలో_తణుకు
ఇది చదివి ఆఫీసులో కళ్లు తుడుచుకున్నాను. అత్తయ్యగారి సంగతి రాయలేదు?

కౌశికతీరం
వస్తున్నా. మంగళవారం ఆవిడ గదిలోనే విశ్రాంతి తీసుకున్నారు, అది ఆవిడే కోరుకున్నారు. బుధవారం ఫిల్మ్ సిటీలో బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాం. ఒకచోట రైల్వే స్టేషన్ సెట్టు చూసి నిజమైన స్టేషన్ అనుకుని "మన కోనసీమకి ఇంకా రాలేదు గానీ ఇక్కడ కట్టేశారు" అన్నారు, బస్సులో అందరూ నవ్వారు. షో అయ్యాక జనం లేచినప్పుడు మేం లేవలేదు. కోటిలింగాల_రేవుగారి మాట గుర్తొచ్చి పదిహేను నిమిషాలు అలాగే కూర్చున్నాం. ఆవిడ అప్పుడు నా చెయ్యి పట్టుకుని "2027లో పుష్కరాలకి నన్ను తీసుకెళ్తారా?" అని అడిగారు. 2015లో టీవీలో చూసిన దగ్గర్నుంచి భయంతో ఆ మాటే ఎత్తలేదట. మొదటిరోజు వద్దు, పన్నెండు రోజుల్లో వారం మధ్యలో ఒకరోజు, తెల్లవారకముందే తీసుకెళ్తామని చెప్పాను. ఏ రేవు అయితే మెట్లు తక్కువో ఎవరైనా చెప్పండి.

కోటిలింగాల_రేవు
మెట్ల సంగతి నేను చూసి చెబుతాను. మా ఇల్లు రేవుకి నడిచి వెళ్లేంత దూరమే. ముందురోజు రాత్రికే ఆవిడని తీసుకొచ్చేయండి, మా అమ్మా ఆవిడా కలిసి వెళ్తారు.